సీసం అడ్డుపడిన ఆవిష్కరణ: యూజీన్ హూడ్రీ వ్యాపార జీవితం చెప్పే పాఠం

మన బ్యాంకు కుటుంబాల్లో వాహన రుణం తీసుకోని ఇల్లు అరుదు. కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, మైలేజీ అడుగుతాం, నెలసరి వాయిదా ఎంత పడుతుందో లెక్కవేస్తాం. కారు కింద, ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఉండే ఒక ఉక్కు డబ్బా గురించి మాత్రం అడగం. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. మన పిల్లలు రోడ్డు మీద పీల్చే గాలిలో విషం కొంతైనా తగ్గిందంటే ఆ డబ్బా చేసే పని కూడా అందుకు ఒక కారణం.

నేను రుణ మదింపు విభాగంలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన అధికారులకు ప్రాజెక్టు మదింపు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ డబ్బాకు తొలి రూపం ఇచ్చిన వారిలో ఒకడైన యూజీన్ హూడ్రీ కథ చెబుతుంటాను. ఆయన జీవితంలో మూడు వ్యాపార ప్రయత్నాలున్నాయి. మొదటిది మూతపడింది. రెండోది ప్రపంచ చమురు పరిశ్రమనే మార్చింది. మూడోది సరైన వస్తువే అయినా దాని కాలం రాకముందే ఆయన కన్నుమూశాడు. తెలివి, పట్టుదల మూడింటిలోనూ ఒక్కటే. మరి ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? ఈ ప్రశ్న బ్యాంకు అధికారికి ఎంత ముఖ్యమో, సొంతంగా ఏదైనా మొదలుపెడతానంటున్న కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులకూ అంతే ముఖ్యం.

ఆ డబ్బా చేసే పని

ఇంజనులో పెట్రోలు పూర్తిగా మండితే బయటికి వచ్చేవి ప్రధానంగా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్. కానీ అది ఎప్పుడూ పూర్తిగా మండదు. కొంత కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కొంత మండని హైడ్రోకార్బన్లుగా మిగులుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఈ మూడూ ఆరోగ్యానికి హాని చేసేవే.

కన్వర్టరు లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని సన్నటి గదుల గోడలకు ప్లాటినం, పెల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలను అతి పలుచగా పూస్తారు. ఇవి ఉత్ప్రేరకాలు. అంటే తాము ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగంగా జరిపించేవి. పెళ్లిళ్ల పేరయ్య రెండు కుటుంబాలను కలిపి, తాను ఇంకో సంబంధం చూడడానికి బయలుదేరినట్టే ఇవి కూడా. విషవాయువును ఆక్సిజన్‌తో కలిపి, ఆ జంటను సాగనంపి, వెంటనే మరో అణువు కోసం సిద్ధమవుతాయి.

ఇందులో ఒక్కటే ఇబ్బంది. ఉత్ప్రేరకం పనిచేసేది దాని ఉపరితలం మీదే. వచ్చిన చుట్టం పని ముగించుకుని వెళ్లకుండా కుర్చీలోనే కూర్చుండిపోతే తర్వాత వచ్చేవారికి చోటుండదు. ఉత్ప్రేరకం ఉపరితలానికి ఏదైనా అతుక్కుని వదలకపోతే జరిగేది అదే. హూడ్రీ వ్యాపార జీవితమంతా ఈ అతుక్కునే పదార్థాలతో సాగిన పోరాటమే.

మొదటి ప్రయత్నం: బొగ్గు నుంచి పెట్రోలు

హూడ్రీ 1892లో పారిస్ సమీపంలోని డోమాన్‌లో పుట్టాడు. తండ్రిది ఉక్కు వ్యాపారం. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 1911లో ప్రథముడిగా పట్టా పుచ్చుకుని తండ్రి వ్యాపారంలోనే చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి 1917లో తీవ్రంగా గాయపడ్డాడు. యుద్ధం ముగిశాక కార్ల పందేలు ఆయనకు ఇష్టమైన వ్యాపకం అయ్యాయి. పందెం కారు నడిపేవాడికి ఇంజను ఎంత మంచిదైనా ఇంధనం నాసిరకమైతే లాభం లేదని త్వరగానే అర్థమవుతుంది.

ఫ్రాన్స్‌కు అప్పట్లో చెప్పుకోదగ్గ చమురు లేదు, లిగ్నైట్ బొగ్గు మాత్రం ఉంది. ఆ బొగ్గు నుంచి ఉత్ప్రేరకాల సాయంతో పెట్రోలు తీయవచ్చని నీస్ నగరానికి చెందిన ప్రూధోమ్ అనే ఫార్మసిస్టు చెబితే, 1922 నుంచి హూడ్రీ ఆ పనిలో దిగాడు. ఫ్రెంచి ప్రభుత్వం అండగా నిలిచింది. 1929లో రోజుకు 60 టన్నుల లిగ్నైట్‌ను శుద్ధిచేసే ప్రదర్శన కర్మాగారం నడిచింది. పెట్రోలు వచ్చింది. కానీ దాని ఖర్చు చమురు నుంచి తీసే పెట్రోలుతో పోటీపడలేకపోయింది. ప్రభుత్వ సాయం ఆగింది, కర్మాగారం మూతపడింది.

మన భాషలో చెప్పాలంటే సాంకేతికంగా సాధ్యమే, ఆర్థికంగా గిట్టుబాటు కాదు. మదింపు నోట్‌లో ఈ రెండింటినీ వేర్వేరు శీర్షికల కింద ఎందుకు రాస్తామో చెప్పడానికి ఈ కర్మాగారం చాలు.

రెండో ప్రయత్నం: బంకమట్టి మహిమ

లిగ్నైట్ పని సాగుతుండగానే హూడ్రీ ముడి చమురు మీద కూడా ప్రయోగాలు మొదలుపెట్టాడు. చమురును శుద్ధిచేసేటప్పుడు మిగిలే బరువైన భాగాన్ని అప్పట్లో విపరీతమైన వేడితో, ఒత్తిడితో విరగ్గొట్టి పెట్రోలుగా మార్చేవారు. వందలాది పదార్థాలు పరీక్షించాక, సిలికా, అల్యూమినా ఉన్న శుద్ధిచేసిన బంకమట్టి ఆ పనిని మరింత బాగా చేస్తుందని ఆయన కనుగొన్నాడు. వచ్చిన పెట్రోలు ఎక్కువ, దాని నాణ్యతా మెరుగే.

అయితే చమురు విరుగుతున్నప్పుడు మట్టి మీద మసి పేరుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే మట్టి పనిచేయడం మానేస్తుంది. ఇతరులు అక్కడే ఆగిపోయారు. హూడ్రీ ఆ మసిని గాలితో కాల్చేస్తే సరిపోతుందని నిరూపించాడు. ఒక పాత్రలో చమురు విరుగుతుంటే ఇంకో పాత్రలో మసి కాలుతుంటుంది. నిమిషాల లెక్కన పాత్రలు వంతులు మార్చుకుంటాయి. మసి కాలినప్పుడు పుట్టే వేడి కూడా వృథా పోకుండా వాడుకోవచ్చు.

ఫ్రాన్స్‌లో దీనికి పెట్టుబడి దొరకలేదు. 1930లో అమెరికాకు చెందిన వాక్యూమ్ ఆయిల్ సంస్థ ఆయనను ఆహ్వానించింది. మరుసటి సంవత్సరం హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. అది ఆర్థిక మాంద్యం కాలం. వాక్యూమ్ సంస్థ ఇంకో పెద్ద సంస్థలో విలీనమై సోకోనీ-వాక్యూమ్ అయింది, ఖర్చులకు పగ్గాలు పడ్డాయి. 1933లో సన్ ఆయిల్ సంస్థ భాగస్వామిగా చేరడంతో పని నిలబడింది.

సన్ ఆయిల్ ఎందుకు చేరిందన్నది ఈ కథలో ముఖ్యమైన విషయం. 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ ఒక సంగతి కనిపెట్టాడు. టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా కలిపితే పెట్రోలు ఆక్టేన్ పెరిగి ఇంజను గరగర శబ్దం లేకుండా నడుస్తుంది. దాన్ని అమ్మడానికి 1924లో జనరల్ మోటార్స్, స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ కలిసి ఇథైల్ కార్పొరేషన్ స్థాపించాయి. చమురు సంస్థలు ఒక్కొక్కటే సీసం కలపడం మొదలుపెట్టాయి. సన్ ఆయిల్ మాత్రం ఆ రోజుల్లో సీసం లేని పెట్రోలునే అమ్ముతుండేది. సీసం లేకుండానే ఆక్టేన్ పెంచే దారి దానికి కావాలి. హూడ్రీ దగ్గర ఉన్నది అదే. ఆయన వస్తువుకు, కొనేవారి అవసరానికి సరిగ్గా జత కుదిరింది.

1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ పెద్ద హూడ్రీ యూనిట్ నెలకొల్పింది. పాత పద్ధతిలో నాణ్యమైన పెట్రోలు నాలుగో వంతు వచ్చే చోట ఇందులో దాదాపు సగం వచ్చింది. 1942 నాటికి 14 హూడ్రీ యూనిట్లు మిత్రరాజ్యాల యుద్ధ విమానాలకు కావలసిన ఇంధనం తయారీలో పాలుపంచుకున్నాయి. అదే సంవత్సరం స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ, మరికొన్ని సంస్థలు కలిసి ఉత్ప్రేరకాన్ని పొడి రూపంలో ప్రవహింపజేసే కొత్త పద్ధతిని లూసియానాలో ప్రారంభించాయి. హూడ్రీకి లైసెన్సు రుసుము చెల్లించకుండా సొంత దారి వెతుక్కోవాలన్న పట్టుదలే వారిని అటు నడిపించింది. ఈ ప్రవాహ పద్ధతి తర్వాత ప్రపంచమంతా వ్యాపించింది. 1957లో మొదలైన మన విశాఖపట్నం రిఫైనరీలోనూ ఆ పద్ధతిలో పనిచేసే యూనిట్లున్నాయి.

మూడో ప్రయత్నం: ఆక్సీ-క్యాటలిస్ట్

యుద్ధం తర్వాత లాస్ ఏంజెలెస్ నగరం మీద కళ్లు మండించే గోధుమరంగు పొగమంచు కమ్ముతుండేది. వాహనాలు, కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఈ విషపు పొగగా మారుతున్నాయని 1950ల తొలినాళ్లలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన హాగెన్-స్మిట్ నిరూపించాడు.

అప్పటికి హూడ్రీ వయసు అరవైకి దగ్గరపడింది. పెట్రోలు ఉత్పత్తిని పెంచి పేరు తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు ఆ పెట్రోలు వదిలే పొగ వైపు తిరిగాడు. ఆక్సీ-క్యాటలిస్ట్ అనే కొత్త సంస్థ స్థాపించాడు. పొగలోని విషాన్ని బయటికి రాకముందే ఉత్ప్రేరకంతో కాల్చేయాలన్నది ఆలోచన. మొదట కర్మాగారాల పొగగొట్టాలకు, ఆ తర్వాత గోదాముల్లో సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లకు కన్వర్టర్లు తయారుచేశాడు. ప్లాటినం పూసిన పింగాణీ కడ్డీలతో చేసిన నిర్మాణానికి 1956లో అమెరికా పేటెంటు వచ్చింది.

మరి కార్లకు? అక్కడే సీసం అడ్డుపడింది. అప్పటికి అమెరికాలో అమ్మే కారు పెట్రోలులో అధిక భాగం సీసం కలిపినదే. పొగతోపాటు వచ్చే సీసం ప్లాటినం మీద పొరలా పేరుకుని దాన్ని చంపేసేది. మసి అయితే కాల్చేయవచ్చు. సీసం కాలిపోదు.

హూడ్రీ ఫోర్క్‌లిఫ్టులను ఎంచుకోవడం వెనుక ఉన్న తెలివి ఇక్కడ అర్థమవుతుంది. అవి సీసం లేని చవకరకం పెట్రోలుతో నడిచేవి. పైగా నాలుగు గోడల మధ్య పనిచేస్తాయి కాబట్టి పొగ బాధ అక్కడి కూలీలకు, యజమానికి వెంటనే తెలుస్తుంది. కొనే కారణమూ ఉంది, పనిచేసే పరిస్థితీ ఉంది. పెద్ద సంత మూసి ఉంటే చిన్న సంతలో దుకాణం తెరిచాడన్నమాట.

1962లో హూడ్రీ మరణించాడు. ఆయన కన్వర్టరు అప్పటికి మామూలు కార్లలోకి చేరలేదు.

తలుపు తెరిచింది ఎవరు?

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని కఠినం చేసింది. 1975 మోడల్ కార్లలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలంది. అదే సంవత్సరం జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఎడ్ కోల్ పెట్రోలులో సీసం పోవాలని బహిరంగంగా కోరాడు. సీసం కలపడం నేర్పిన సంస్థ నుంచే ఆ మాట రావడం విశేషం. 1974 జులై నుంచి పెట్రోలు బంకుల్లో సీసం లేని పెట్రోలు దొరకాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. చట్టం గడువుల్లో కొంత సడలింపు వచ్చినా, 1975 మోడల్ అమెరికన్ కార్లలో అధికశాతం కన్వర్టర్లతోనే బయటికి వచ్చాయి.

ఈ వ్యాపారం చివరకు ఎవరికి దక్కిందో చూడండి. ఒకటి జాన్సన్ మాథీ. 1817లో లండన్‌లో పెర్సివల్ నార్టన్ జాన్సన్ బంగారం నాణ్యత పరీక్షించే పనితో మొదలుపెట్టిన సంస్థ అది. మన శాఖల్లో బంగారం రుణాలకు నగలు గీసి చూసే అప్రైజర్ల వృత్తికి దగ్గరి చుట్టమే. రెండోది ఎంగెల్‌హార్డ్. జర్మనీ నుంచి వలసవచ్చిన చార్లెస్ ఎంగెల్‌హార్డ్ 1902లో న్యూజెర్సీలో మొదలుపెట్టిన ప్లాటినం వ్యాపారం. మూడు విషవాయువులనూ ఒకే డబ్బాలో శుద్ధిచేసే కన్వర్టరును ఎంగెల్‌హార్డ్‌లోనే జాన్ మూనీ, కార్ల్ కీత్ రూపొందించారు. తేనెపట్టు పింగాణీ దిమ్మెను అందించింది గాజు, పింగాణీ తయారీలో పేరున్న కార్నింగ్ సంస్థ. ఈ మూడింటికీ కన్వర్టరు రాకముందు కూడా బతుకుతెరువు ఉంది. చట్టం వచ్చేదాకా ఆగగలిగాయి.

పేటెంటు సంగతి కూడా చెప్పాలి. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు ఆయువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు. 1956లో వచ్చిన హూడ్రీ పేటెంటు 1973తో ముగిసింది. కన్వర్టర్లున్న కార్లు 1974లో వచ్చాయి. పండు పక్వానికి వచ్చేసరికి తోట కౌలు ముగిసిపోయింది.

మదింపు పట్టికలో మరో గడి

పాఠం చెప్పేటప్పుడు నేను అధికారులకు ఒక ఊహాప్రశ్న ఇస్తాను. 1956లో మీరు అమెరికాలో ఒక శాఖ మేనేజరు. ఆక్సీ-క్యాటలిస్ట్ నుంచి కార్ల కన్వర్టర్ల కర్మాగారానికి టర్మ్ లోను దరఖాస్తు వచ్చింది. వ్యవస్థాపకుడికి ఘనమైన అనుభవం ఉంది. వస్తువు పనిచేస్తుంది, చేతిలో పేటెంటుంది, సమాజానికి మేలు. అప్పు ఇస్తారా?

చాలామంది ఇస్తామంటారు. అప్పుడు రెండో ప్రశ్న వేస్తాను. ఈ వస్తువు అమ్ముడుపోవాలంటే ఇంకెవరెవరు ఏమేం మార్చాలి? చమురు సంస్థలు సీసం మానాలి. బంకులు కొత్త పంపులు పెట్టాలి. కార్ల సంస్థలు డిజైను మార్చాలి. ప్రభుత్వం చట్టం చేయాలి. వీటిలో ఒక్కటీ హూడ్రీ చేతిలో లేదు. రెండో వ్యాపారంలో అడ్డుపడిన మసిని తొలగించడం ఆయన చేతిలోని పని. మూడో వ్యాపారంలో అడ్డుపడిన సీసం ఇతరుల చేతిలో ఉంది. మూడు ప్రయత్నాల ఫలితాల్లో తేడాకు నాకు కనబడే పెద్ద కారణం ఇదే.

అందుకే నా మదింపు కాగితంలో ఒక గడి అదనంగా గీసుకుంటాను: ‘మసి ఏది, సీసం ఏది?’ అంటే దరఖాస్తుదారు తన శ్రమతో తొలగించుకోగల అడ్డంకులు ఒకవైపు, ఇతరులు కదిలితేగాని తొలగనివి మరోవైపు. రెండో వైపు ఏదైనా ఉంటే అప్పు ఇవ్వకూడదని కాదు. అది తొలగేదాకా బతకడానికి ఏముంది అని అడగాలి. హూడ్రీకి ఉన్న ఫోర్క్‌లిఫ్టులాంటిది వీరికి ఏది?

కొన్నేళ్ల కిందట ఒక దంపతులు అడ్డాకులతో విస్తళ్లు, దొప్పలు నొక్కే యంత్రాలకు రుణం అడిగారు. ప్లాస్టిక్ నిషేధం గట్టిగా అమలైతే ఊరూరా హోటళ్లన్నీ కొంటాయన్న అంచనాతో అమ్మకాల లెక్క వేసుకొచ్చారు. నిషేధం అమలు మీ చేతిలో ఉందా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘లేదండీ. కానీ పెళ్లి వంటలవాళ్లు, గుళ్లలో అన్నదానం చేసేవాళ్లు ఇప్పుడే ఆకు అడుగుతున్నారు’ అంది. ఆ లెక్కతోనే రెండు యంత్రాలకు బదులు ఒకటితో మొదలుపెట్టేలా ప్రతిపాదన మార్చాం. హోటళ్లు ఇప్పటికీ పెద్దగా కొనడం లేదు. వాయిదాలు మాత్రం పెళ్లిళ్ల ముహూర్తాలను బట్టి కాస్త అటూ ఇటూ అయినా వస్తూనే ఉన్నాయి.

మన దేశంలో

మన దగ్గర కూడా కన్వర్టరు రాక, సీసం పోక కలిసే జరిగాయి. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేశారు, సీసం లేని పెట్రోలు అందుబాటులోకి తెచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలయ్యాయి. ప్రపంచంలో సీసం పెట్రోలు చివరిగా ఆగింది 2021లో, అల్జీరియాలో. సీసం లేకపోవడం వల్ల కన్వర్టరు బతకడం ఒక లాభం. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం గాలిలో తగ్గడం అంతకంటే పెద్ద లాభం.

ఇంట్లో పాటించదగ్గ మాట ఒకటి. ఇంజను సరిగ్గా మండక కుదుపులిస్తుంటే బాగుచేయించడం వాయిదా వేయకండి. మండని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండితే లోపలి దిమ్మె కరిగిపోయే ప్రమాదం ఉంది. అది మార్చాలంటే విలువైన లోహాల ఖరీదు భరించాలి.

పిల్లలతో కలిసి ఆలోచించడానికి

1. హూడ్రీ మూడు ప్రయత్నాల్లో ఒక్కోదానికి అడ్డుపడినది ఏమిటి? దాన్ని తొలగించే శక్తి ఎవరి చేతిలో ఉంది?

2. కన్వర్టరుతో చివరకు లాభపడిన సంస్థలు అంతకాలం ఆగగలగడానికి కారణం ఏమిటి?

3. మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటున్న పనిలో మసి ఏది, సీసం ఏది? ఆ సీసం తొలగేదాకా నడిపించే చిన్న సంత ఎక్కడుంది?

మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఉంచుకున్నవారు రుణం కోసం ఏ శాఖకు వెళ్లినా మేనేజరు అడగబోయే సగం ప్రశ్నలకు ముందే సిద్ధమైనట్టే.